మెత్తలు మోసిన ప్రొఫెసరు

బదిలీ ఉత్తర్వు వచ్చి, సామానంతా లారీకి ఎక్కించేశాక ఖాళీ క్వార్టర్సులో మాట కొత్తగా వినిపిస్తుంది. ఇది మీలో చాలామందికి అనుభవమే. పరుపులు, కర్టెన్లు, బీరువాలోని బట్టలు వెళ్లిపోయిన గదిలోంచి అమ్మ పిలిస్తే ఆ పిలుపు వెంటనే ఆగదు, గోడల మధ్య కాసేపు తిరుగుతుంది. అమ్మ గొంతు మారలేదు. గది పొడవూ వెడల్పూ మారలేదు. మరి మారిందేమిటి? లోపలి సామాను. దీన్ని మనం గమనించి వదిలేస్తాం. ఒకాయన మాత్రం వదలకుండా మూడేళ్లు అర్ధరాత్రుళ్లు మేలుకుని దీన్ని అంకెల్లోకి తెచ్చారు. ఆయన పేరు వాలెస్ క్లెమెంట్ సేబిన్. ఈ రోజు ఒక ఫ్యానో, కంప్రెసరో, మిక్సీయో ఎంత చప్పుడు చేస్తుందని ఏ దేశపు ప్రయోగశాల కొలిచినా ఒకే అంకె రావాలని కోరుకుంటాం కదా, ఆ ప్రయత్నానికి పునాది ఆ రాత్రుల్లోనే పడింది.

సేబిన్ 1868 జూన్ 13న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో రిచ్‌వుడ్ అనే ఊళ్లో పుట్టారు. చదువులో చురుకు. 18 ఏళ్లకే ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో పట్టం పుచ్చుకుని, పై చదువుకు హార్వర్డ్ చేరారు. అక్కడే ఎం.ఏ. పూర్తి చేసి, అక్కడే పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. డాక్టరేట్ మాత్రం ఆయన ఎప్పుడూ చేయలేదు. పేరు ముందు డాక్టర్ అన్న మాట లేకుండానే ఒక శాస్త్రానికి మొదటి సూత్రం రాసిన మనిషి అన్నమాట.

1895లో హార్వర్డ్‌లో ఫాగ్ ఆర్ట్ మ్యూజియం కొత్తగా తెరిచారు. అందులో ఒక ఉపన్యాస మందిరం ఉంది. చూడటానికి బాగుంది, వినడానికి మాత్రం పనికిరాలేదు. ఉపన్యాసకుడు ఒక మాట అంటే ఆ మాట అయిదున్నర సెకన్లు గదిలోనే ఉండిపోయేది. అంతలో ఆయన మరో పన్నెండు మాటలు అనేసేవారు. అన్నీ ఒకదాని మీద ఒకటి పడి కలగాపులగం అయిపోయేవి. దీన్నే ప్రతినాదం అంటారు. ప్రతిధ్వని వేరు. ప్రతిధ్వనిలో మాట విడిగా తిరిగి వస్తుంది, ప్రతినాదంలో మాట సాగిపోతుంది. మన పాఠశాలల వార్షికోత్సవాల్లో పెద్ద హాలు వెనక వరుసలో కూర్చుని ముఖ్య అతిథి మాటలు అర్థంకాక దిక్కులు చూసినవారికి ఇంకా వివరించక్కర్లేదు. అలాంటప్పుడు మైకు శబ్దం పెంచితే మాట ఇంకా చెడుతుంది.

మందిరాన్ని బాగుచేసే మార్గం కనుక్కోమని విశ్వవిద్యాలయ అధ్యక్షుడు చార్లెస్ ఎలియట్ ఆ పనిని సేబిన్‌కు అప్పగించారు. అప్పటికి సేబిన్ వయసు 27. పెద్దలెవరూ ముట్టుకోని సమస్య అది. ధ్వని మీద పుస్తకాలు లేక కాదు. కానీ ఒక గది కట్టకముందే అందులో మాట ఎలా వినిపిస్తుందో చెప్పగల లెక్క ఎవరి దగ్గరా లేదు. కొందరు గదిలో అడ్డంగా తీగలు కట్టమనేవారు, కొందరు పొడవు వెడల్పులు ఫలానా నిష్పత్తిలో ఉంటే చాలనేవారు. సేబిన్‌కు ఈ సలహాలు నచ్చలేదు. ముందు కొలవాలి అనుకున్నారు.

దేనితో కొలవాలి? అప్పటికి ఈ పనికి సరిపోయే మైక్రోఫోను లేదు, డెసిబెల్ అన్న మాటే పుట్టలేదు. ఆయన దగ్గరున్నవి సెకనుకు 512 కంపనాలు చేసే ఒక ఆర్గన్ పైపు, దానికి గాలి పంపే తొట్టి, సమయాన్ని నమోదు చేసే ఒక యంత్రం, తన రెండు చెవులు. పైపును మోగించి, గాలి ఆపేస్తారు. ఆపిన క్షణం నుంచి చెవికి శబ్దం పూర్తిగా వినిపించకుండా పోయేదాకా ఎంతసేపు పట్టిందో రాసుకుంటారు. మళ్లీ మోగిస్తారు. మళ్లీ రాసుకుంటారు. పగలు ఈ పని కుదరదు. వీధిలో బండ్ల చప్పుడు, విద్యార్థుల అడుగులు. అందుకే అర్ధరాత్రి దాటి, ట్రాములు ఆగిపోయి, ఊరు సద్దుమణిగాక పని మొదలయ్యేది.

దగ్గర్లోనే శాండర్స్ థియేటర్ ఉంది. అక్కడ మాట చక్కగా వినిపిస్తుందని పేరు. ఆ థియేటర్ కుర్చీల మెత్తల్ని సేబిన్ అరువు తెచ్చుకున్నారు. సహాయకులతో కలిసి రాత్రి మెత్తలు మోసుకొచ్చి ఫాగ్ మందిరంలో కొన్ని పరిచేవారు, ప్రతినాదం ఎంతసేపుందో కొలిచేవారు. ఇంకొన్ని పరిచేవారు, మళ్లీ కొలిచేవారు. తెల్లవారేలోపు మెత్తలన్నీ తిరిగి థియేటర్‌కు చేర్చాలి. ఖాళీ గదిలో అయిదున్నర సెకన్ల పైన ఉన్న శబ్దం, కుర్చీలు, నడిచే దారులు, వేదిక, వెనక గోడ అన్నీ మెత్తలతో నింపేసరికి ఒక సెకను చిల్లరకు దిగింది.

ఇక్కడ ఆయన గమనించిన సంగతి ఒకటుంది. పైపును గదిలో ఎక్కడ పెట్టినా, తాను ఎక్కడ నిలబడి విన్నా, మెత్తల్ని ఏ మూల వేసినా శబ్దం ఆగడానికి పట్టే సమయం దాదాపు ఒక్కటే. అంటే ధ్వని గోడలకు తగిలి తగిలి గదంతా సమంగా కలిసిపోతోంది. ఈ చిన్న పరిశీలన లేకపోతే ఈ వ్యాసం చివర్లో చెప్పబోయే యంత్రాల కొలత అసలు సాధ్యమే కాదు.

అన్నీ సాఫీగా సాగాయనుకోకండి. కొంతకాలానికి అంకెలు ఒకదానితో ఒకటి పొసగడం మానేశాయి. గది అదే, పైపు అదే, మెత్తలు అవే. అయినా ఒక రాత్రి వచ్చిన అంకె మరో రాత్రి రావడం లేదు. వెతగ్గా వెతగ్గా దోషి దొరికాడు. దోషి సేబిన్ గారి కోటు! ఒక రోజు మందమైన బట్టలు, ఇంకో రోజు పలచని బట్టలు. గుడ్డ ధ్వనిని పీల్చుకుంటుంది కదా, కొలిచే మనిషి ఒంటిమీదున్న గుడ్డ కూడా పీల్చుకుంటోంది. అప్పటిదాకా రాసుకున్న మూడు వేలకు పైగా కొలతల్ని ఆయన పక్కన పడేశారు. అప్పటినుంచి ప్రయోగానికి వచ్చినప్పుడల్లా ఒకే జత బట్టలు వేసుకునేవారు. ఏ కోటు, ఏ చొక్కా, ఏ బూట్లు అన్నది కూడా నోటు పుస్తకంలో రాసుకున్నారు.

నాకు ఆయన జీవితంలో అన్నిటికంటే నచ్చే ఘట్టం ఇదే. మూడు వేల అంకెలు అంటే ఎన్ని రాత్రుల నిద్ర! వాటికి సగటు తీసేసి, తేడాలు సర్దుకుంటాయిలే అనుకుని ముందుకు పోవచ్చు. ప్రాక్టికల్ రికార్డులో రావలసిన విలువ ముందే తెలుసుకుని దానికి దగ్గరగా అంకెలు వేసే విద్యార్థులు ప్రతి బడిలోనూ ఉంటారు. ఎవరని అడగను.

రెండో చిక్కు ఇంకా సూక్ష్మమైనది. ఆయన కొలతలన్నీ శాండర్స్ థియేటర్ మెత్తల లెక్కలో ఉన్నాయి. ఫలానా తివాచీ ఇన్ని మెత్తలకు సమానం, ఫలానా గోడ ఇన్ని మెత్తలకు సమానం అని. బాగానే ఉంది. కానీ లండన్‌లోనో బెర్లిన్‌లోనో ఇంకొకరు ఇదే పని చేయాలంటే శాండర్స్ మెత్తలు ఎక్కడినుంచి తెస్తారు? మన ఊళ్లో మానికతో కొలిచిన బియ్యం పక్క ఊరి మానికతో సరిపోకపోతే తగవు వచ్చినట్టే ఇదీ. ప్రపంచంలో ఎక్కడైనా దొరికే కొలమానం కావాలి. సేబిన్ ఎంచుకున్నది తెరిచిన కిటికీ. తెరిచిన కిటికీ మీద పడిన ధ్వని బయటికి వెళ్లిపోతుంది, తిరిగి రాదు. అంటే పూర్తిగా పీల్చుకున్నట్టే లెక్క. ఒక చదరపు మీటరు తెరిచిన కిటికీని ఒక ప్రమాణంగా పెట్టుకుని, మెత్తల స్థానంలో కిటికీలు తెరిచి కొలిచి, తన పాత అంకెలన్నిటినీ కొత్త లెక్కలోకి మార్చారు. కిటికీ లేని ఊరు లేదు కదా. ఒక ప్రయోగశాల అంకె మరో ప్రయోగశాలకు అర్థం కావడం అక్కడ మొదలైంది.

ఇలా రెండేళ్లు దాటాయి. ఎలియట్‌కు ఓపిక తగ్గింది. ఫాగ్ మందిరాన్ని బాగుచేయడానికి ఇంతవరకూ తెలిసింది చాలునని ఆయన ఒత్తిడి తెచ్చారు. సేబిన్ గోడలకు వెంట్రుకలతో చేసిన ఫెల్టు వేయించి మందిరాన్ని వాడుకోదగ్గట్టు చేశారు. సూత్రం మాత్రం ఇంకా దొరకలేదు. అంతలో బోస్టన్ నగరంలో హెన్రీ హిగిన్సన్ అనే సంగీతాభిమాని కొత్త సంగీత మందిరం కట్టించబోతూ సలహా చెప్పేవారి కోసం చూస్తున్నారు. ఎలియట్ సేబిన్ పేరు చెప్పారు. ఒక్క గదిని సవరించిన అనుభవంతో ఇంకా కట్టని మందిరానికి జవాబుదారీ తీసుకోవడానికి సేబిన్ సంకోచించారు. పాత నోటు పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు.

1898 అక్టోబరు 29 రాత్రి, ఇంట్లో, ఆ అంకెల వెనకున్న క్రమం ఆయనకు తట్టింది. గది తనంతట తాను పీల్చుకునేదానికి మెత్తలు పీల్చుకునేది కలిపి, ఆ మొత్తాన్ని ప్రతినాద కాలంతో గుణిస్తే ఎప్పుడూ ఒకే అంకె వస్తోంది. గ్రాఫు గీస్తే అతిపరావలయం. ఈ సంగతి ఆయన మొదట చెప్పింది తల్లికి. ఆ స్థిరమైన అంకె గది ఘనపరిమాణాన్ని బట్టి ఉంటుందని వేరు వేరు గదుల్లో కొలిచి నిర్ధారించుకున్నారు. గది ఘనపరిమాణాన్ని మొత్తం శోషణంతో భాగించి ఒక గుణకంతో హెచ్చిస్తే ప్రతినాద కాలం వస్తుంది. ఆ గుణకాన్ని సేబిన్ మొదట 0.171 అన్నారు. తరవాత ఇంకా జాగ్రత్తగా లెక్కించి 0.164కు తగ్గించారు. ఇప్పుడు మనం వాడేది 0.161. మనిషి చెవినే పరికరంగా పెట్టుకుని అంత దగ్గరికి వచ్చారు.

ఇక సంగీత మందిరం. జర్మనీలోని లైప్‌జిగ్ నగరపు మందిరం అప్పట్లో ఆదర్శం. దాన్నే అన్ని వైపులా పెంచి కడితే సరిపోతుందని అనిపించవచ్చు. అలా పెంచితే ప్రతినాదం ఎక్కువైపోతుందని సేబిన్ లెక్కవేసి చూపించి, కొలతలు మార్పించారు. లైప్‌జిగ్ మందిరానికి 2.30 సెకన్లు, కొత్త మందిరానికి 2.31 సెకన్లు అని ఆయన లెక్క. బోస్టన్ సింఫనీ హాలు 1900 అక్టోబరు 15న తెరుచుకుంది. మొదట్లో కొందరు విమర్శకులు పెదవి విరిచారు. కాలం గడిచేకొద్దీ అది ప్రపంచంలోని అత్యుత్తమ సంగీత మందిరాల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. అయితే తరవాతి తరాలవారు పరికరాలతో కొలిస్తే, జనం నిండిన ఆ హాలు ప్రతినాదం దాదాపు 1.9 సెకన్లని తేలింది, 2.31 కాదు. సూత్రంలో తప్పులేదు. జనం ధ్వనిని ఎంత పీల్చుకుంటారన్న అంకె ఒక చోట కొలిచింది, కుర్చీల వరుసల్లో కూర్చున్న శ్రోతలకు యథాతథంగా సరిపోలేదు. సేబిన్ బతికి ఉంటే ఈ తేడాను దాచిపెట్టేవారు కాదని ఆ మూడు వేల కొలతల సంగతి తెలిసినవారికి అనిపిస్తుంది.

ఆ ఏడాదే ఆయన జేన్ కెల్లీ అనే వైద్యురాలిని పెళ్లి చేసుకున్నారు. వారికి ఇద్దరు కూతుళ్లు. కొన్నేళ్లు హార్వర్డ్‌లో డీన్ పదవి చేశారు. పరిపాలన ఆయన్ను పరిశోధన నుంచి చాలావరకు లాగేసింది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఫ్రాన్సు వెళ్లారు, తిరిగివచ్చి అమెరికా విమాన నిర్మాణ విభాగంలో పనిచేశారు. మూత్రపిండాల వ్యాధి పట్టుకుంది. యుద్ధం ముగిసేదాకా చికిత్సను వాయిదా వేస్తూ వచ్చారు. యుద్ధం 1918 నవంబరులో ముగిసింది. 1919 జనవరి 10న, 50 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. రాసినవి కొద్ది వ్యాసాలు. వాటిని 1922లో పుస్తకంగా తెచ్చారు.

చనిపోవడానికి కొంచెం ముందు షికాగో దగ్గర జెనీవా అనే ఊళ్లో జార్జ్ ఫాబియన్ అనే ధనవంతుడు ఆయన కోసం రివర్‌బ్యాంక్ ప్రయోగశాలలో ఒక ప్రత్యేకమైన గది కట్టించారు. నున్నటి గట్టి గోడలు, ధ్వని చాలాసేపు తిరిగేలా. దాన్ని ప్రతినాద గది అంటారు. అందులో పనిచేసే అదృష్టం సేబిన్‌కు దక్కలేదు. ఆయన బంధువు, భౌతిక శాస్త్రవేత్త పాల్ సేబిన్ ఆ పని అందుకున్నారు.

సంగీతం వినేవారికి ప్రతినాదం ఎక్కువైతే ఇబ్బంది. మరి కావాలని ప్రతినాదం పెంచే గది ఎందుకు? ఒక నీళ్ల తొట్టి ఊహించుకోండి. పైన కొళాయి, అడుగున చిల్లు. కొళాయి తిప్పితే నీరు కొంత ఎత్తుకు చేరి అక్కడ నిలుస్తుంది, ఎందుకంటే పడే నీరూ కారే నీరూ సమానమవుతాయి. ఆ ఎత్తు చూసి కొళాయి ధార ఎంతో చెప్పగలమా? చిల్లు ఎంతో తెలిస్తేనే చెప్పగలం. చిల్లు ఎంతో తెలియాలంటే కొళాయి కట్టేసి నీరు ఎంత త్వరగా దిగుతుందో చూడాలి. గదిలో యంత్రం ఆ కొళాయి. గోడలు పీల్చుకునే ధ్వని ఆ చిల్లు. మైకులో కనిపించే డెసిబెల్ నీటి ఎత్తు. యంత్రాన్ని ఆపేసి, సేబిన్ పైపును ఆపి కొలిచినట్టే, శబ్దం తగ్గే సమయాన్ని కొలిస్తే గది ఎంత పీల్చుకుంటుందో తెలుస్తుంది. దాన్నుంచి యంత్రం సెకనుకు ఎంత ధ్వనిశక్తిని వదులుతోందో తేలుతుంది. అది యంత్రపు గుణం, గది గుణం కాదు. స్నానాల గదిలో మోత మోగే మోటారు డాబా మీద మెల్లగా వినిపించినా ఆ అంకె మారకూడదు.

మారకూడదు గానీ, మారుతుంది. అందుకే ప్రయోగశాలలు ఒకే యంత్రాన్ని ఒకరి తరవాత ఒకరు కొలిచి అంకెలు పోల్చుకుంటాయి. పాపం, ఆ యంత్రానికి కూడా మనలాగే బదిలీలు. ఒకచోట గది చిన్నది. ఒకచోట యంత్రాన్ని గోడకు దగ్గరగా పెట్టారు. ఒకచోట గాలిలో తేమ వేరు, తేమను బట్టి గాలి కీచు ధ్వనుల్ని పీల్చుకోవడం మారుతుంది. ఒకచోట యంత్రం కింద రబ్బరు దిమ్మ వేశారు, ఇంకోచోట నేల మీదే నిలబెట్టారు. సేబిన్ కోటులాంటి దోషులు ఇన్ని ఉన్నాయి. వీటిని పట్టుకోవడానికి అంతర్జాతీయ ప్రమాణాలు గది పరిమాణం, మైకుల స్థానాలు, యంత్రం నడపవలసిన తీరు అన్నీ రాసిపెట్టాయి. ఇంకో ఉపాయం కూడా ఉంది. ఎంత ధ్వనిశక్తి వదులుతుందో ముందే కచ్చితంగా తెలిసిన ఒక చిన్న ఫ్యానును గదిలో పెట్టి నడుపుతారు, తరవాత పరీక్షించవలసిన యంత్రాన్ని నడుపుతారు. రెంటి తేడా చూస్తారు. గది గుణం రెంటికీ ఒకటే కనక అది లెక్కలోంచి జారిపోతుంది. మెత్తకు బదులు కిటికీ తెరిచి చూసిన పద్ధతికి ఇది మనవడి వరస.

అయినా తేడాలు పూర్తిగా పోలేదు. ప్రతినాద గదుల్లో కచ్చితమైన కొలతకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 3741. ఒక యంత్రాన్ని వేరువేరు ప్రయోగశాలలు కొలిస్తే వచ్చే అంకెల ప్రామాణిక విచలనం మధ్య స్థాయి ధ్వనుల్లో 1.5 డెసిబెల్ దాకా ఉండవచ్చని అది చెబుతోంది. 100 నుంచి 160 హెర్ట్జ్ మధ్యనున్న బొంగురు ధ్వనుల్లో 3 డెసిబెల్ దాకా. 3 డెసిబెల్ అంటే ధ్వనిశక్తి ఇంచుమించు రెట్టింపు. అంత తేడా ఎందుకు? బొంగురు ధ్వని తరంగం పొడవు రెండు మూడు మీటర్లు, గది కొలతలతో పోల్చదగినంత. అలాంటి ధ్వని గదంతా సమంగా కలవదు. ఒక మూల గట్టిగా, ఒక మూల మెల్లగా ఉంటుంది. ఎక్కడ నిలబడి విన్నా సమయం ఒకటేనని సేబిన్ 512 కంపనాల పైపుతో గమనించిన సంగతి అక్కడ పట్టు తప్పుతుంది. ట్రాన్స్‌ఫార్మర్లూ, పెద్ద జనరేటర్లూ గుంయ్‌మని మూలిగేది సరిగ్గా ఆ మెట్టులోనే. గోడలకు పలకలు వేలాడదీసి, గది మధ్యలో పెద్ద రెక్కల్ని తిప్పి, మైకును గదంతా తిప్పి ఆ తేడాను తగ్గించాలని నేటికీ ప్రయత్నిస్తూనే ఉన్నారు.

ధ్వనిని పీల్చుకునే శక్తికి కొలమానాన్ని ఇప్పుడు సేబిన్ అనే పిలుస్తారు. ఒక చదరపు మీటరు తెరిచిన కిటికీ ఒక మెట్రిక్ సేబిన్.